పొరుగువాడు ఆగనియెడల నేనేల ఆగవలెను?



ఏటేట ఏప్రిల్ 15వ తేదీన మన తూర్పు తీరమందు మరబోట్లు ఒడ్డు చేరును. జూన్ 14 వరకు, 61 దినములు, వేట నిషిద్ధము; చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ దినములలో జాలరి యిల్లు గడచుట కష్టమే. "మనము మానితే చేప ఊరకుండునా? ఈదుకొనిపోయి వేరొకని వలలో పడదా?" అని అడుగువారు కలరు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. చేపకు సరిహద్దులు తెలియవు గదా!

ఈ తలంపు ఎచ్చటికి నడిపించునో కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్ తీరము చూపుచున్నది. అక్కడ కాడ్ అను చేప శతాబ్దములపాటు విస్తారముగా దొరికెను. 1950 తరువాత అనేక దేశముల పెద్ద ఓడలు వచ్చి, చేపను పట్టి, ఓడలోనే గడ్డకట్టించి కొనిపోసాగెను. 1968లో ఒక్క ఏటనే సుమారు 8 లక్షల టన్నులు పట్టిరి. 1977లో కెనడా 200 మైళ్ల మేర సముద్రము తనదని చాటి, పరదేశపు ఓడలను చాలవరకు వెలుపలనుంచెను. అప్పుడైనను చేప బ్రదికెనా? లేదు. స్వదేశపు ఓడలే మితిమీరి పట్టెను. 1992 జూలైలో వేట నిలిపివేయవలసివచ్చెను. సుమారు 30,000 మంది జీవనాధారము కోల్పోయిరి. ఆ నిషేధమును తొలగించుటకు 2024 వరకు పట్టెను. చేప మాత్రము నేటికిని పూర్వపు సమృద్ధికి రాలేదు. పొరుగువానిని నిందించినవాడే, పొరుగువాడు వెడలినపిమ్మట, తానును ఆగలేకపోయెను.

త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము విధించుచున్నది. వెనుక వచ్చువాడు ఆ తల్లిని పట్టుకొనడా? పట్టుకొనవచ్చును. అయినను ధర్మము ఆ బాటసారిని మినహాయింపలేదు. పొరుగువాని నడత నా విధిని కొట్టివేయజాలదు.

అట్లని, ఆగినవాడొక్కడే ఆకలిగొనుట న్యాయము కాదు. కావున పొరుగువారితో కూడి ఆగుట మేలు. బంగ్లాదేశ్ జాలరులు మే 20 నుండి జూలై 23 వరకు వేట మానెడివారు. జూన్ 15నుండి మన బోట్లు మరల సముద్రమునకు పోవుచుండగా వారింకను ఒడ్డుననే యుండిరి. "మేము మానితే భారతీయులు పట్టుకొనిపోవుచున్నారు" అని వారు మొరపెట్టిరి. చూడుడి, మన ప్రశ్నయే ఆవలి ఒడ్డునను వినబడెను. వారి దృష్టిలో ఆగని పొరుగువారము మనమే! 2025లో ఆ దేశము తన నిషేధమును ఏప్రిల్ 15 నుండి జూన్ 11 వరకని మార్చి, మన గడువునకు దగ్గర చేసెను. ఇప్పుడు ఉభయ తీరములును ఇంచుమించు ఒకే కాలమందు విశ్రమించుచున్నవి.

సముద్రమునకు దూరముగా నున్నవారికిని ఇది వర్తించును. ఊరి చెరువులో సన్నకన్నుల వల వేయువాడును, వంతు దాటి కాలువనీరు మళ్లించుకొనువాడును "నేను కాకున్న వేరొకడు" అనియే చెప్పును. ఆ వేరొకడు మనలను గూర్చి ఏమని చెప్పుచున్నాడో ఎన్నడైన అడిగితిమా?