రెండు మనవులు, ఒక జపమాల

మా విచారణలో గురువారం జపమాల నేనే చెప్పిస్తాను. మనవులు రెండు: గురువుల కోసం, గర్భంలోని శిశువుల కోసం. రెంటికీ పొత్తేమిటని మా కోడలు అడిగింది. 1995 మార్చి 25న, మంగళవార్త పండుగనాడు, రెండో జాన్ పాల్ పోపుగారు ‘ఎవాంజెలియుమ్ వీటే’ లేఖ వెలువరించారు. గర్భస్రావాన్ని ఘోరమైన తప్పన్న ఆ లేఖే, 99వ పేరాలో, అది చేయించుకున్న స్త్రీలను నిరాశపడవద్దంటుంది. పాపసంకీర్తనంలో క్షమాపణ ఉందంటుంది. ఆ మాట అలాంటి స్త్రీ చెవిన పడాల్సింది ఒక గురువు నోటనే. ఆయన కసిరితే లేఖ ఉన్నా లేనట్టే. అందుకే ఆయన మాటకు మెత్తదనం ఇమ్మని అడుగుతాను. ఇక శిశువుల మనవికొస్తే, రెండోదీ ఆడపిల్లేనా అని మొహం ముడుచుకునే అత్తలు కూడా మా వరసలోనే మోకరిస్తారు. వాళ్లకోసమూ ఒక మంగళవార్త జపం చెప్పండి.