అగ్నిగుండం ఒడ్డున కాపురం

బెంగళూరులోని బెళ్ళందూరు చెరువు తగలబడిన ప్రతిసారీ మా తెలుగు సహవాసంలో ఎవరో ఒకరు ప్రకటన గ్రంథం తెరిచారు. 2015 మేలో యమలూరు వైపు నురగకు నిప్పంటుకున్నప్పుడు తెరిచారు. 2017 ఫిబ్రవరిలో పొగ కమ్మినప్పుడు తెరిచారు. 2018 జనవరి 19న సుమారు 5000 మంది జవాన్లు దిగి గంటల తరబడి మంటలార్పినప్పుడైతే ఇక చెప్పనక్కర్లేదు. నీళ్ళే మండుతున్నాయంటే అంత్యదినాలు కాక మరేమిటి? అగ్నిగుండం మన బాల్కనీలోంచే కనబడుతోంది కదా బ్రదర్, అన్నారొక పెద్దాయన ప్రార్థన అయ్యాక.

ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దేవుని తీర్పుకు భయపడే మనిషి అసలు భయమే లేని మనిషికన్నా నయం. అయితే ఆ నిప్పు ఆకాశంనుంచి దిగింది కాదు. దాదాపు 900 ఎకరాల ఆ చెరువులోకి కోరమంగల-చల్లఘట్ట లోయ వెంట ఊరి మురుగు దశాబ్దాలుగా వచ్చిపడింది. అడుగున పేరుకున్న బురద కుళ్ళి మీథేన్ పుట్టింది. పైన గుర్రపుడెక్క పెరిగి ఎండింది, దాని మీద చెత్త పోశారు. ఇక ఒక్క నిప్పురవ్వ చాలు. నురగ సంగతీ అంతే. మనం బట్టలుతికిన, గిన్నెలు తోమిన డిటర్జెంట్లు నీళ్ళలో కలిసి, చెరువు అలుగు దగ్గర నీళ్ళు ఎత్తునుంచి పడేచోట చిలికినట్టై పొంగుతాయి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో టి.వి. రామచంద్ర, ఆయన బృందం ఈ చెరువు మీద, దిగువనున్న వర్తూరు చెరువు మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఇదంతా రాసిపెట్టారు.

దూరంనుంచి ఆ నురగ తెల్లగా, చూడముచ్చటగా ఉండేది. పిల్లలు మంచు అనుకునేవాళ్ళు. దగ్గరికెళ్తే బూడిదరంగు, జిడ్డు, మధ్యలో షాంపూ ప్యాకెట్లు, ముక్కు బద్దలయ్యే వాసన. గాలి లేస్తే అది రోడ్డు మీదికెగిరి టూవీలర్ల మీద వెళ్ళేవాళ్ళ హెల్మెట్ అద్దాలకు అంటుకునేది, ఒంటికి తగిలితే దురద. ఆ నురగలో నా ఇంటి సబ్బు కూడా ఉంది. ప్రకటన గ్రంథాన్ని నేను అక్కడినుంచే చదవాలి. వేరేచోట నిలబడి చదివితే అది నాకు వేరేవాళ్ళ కథగానే అర్థమవుతుంది.

తెలుగువాళ్ళం ఆ గ్రంథాన్ని కాలజ్ఞానం విన్న చెవులతో వింటాం. ఏ వింత జరిగినా, బ్రహ్మంగారు చెప్పినట్టే అయిందనడం మతాలతో పనిలేకుండా మనందరి నోటా ఉన్న మాట. ఆ అలవాటే చర్చిలోకీ వచ్చింది. దానికి పడమటి నుంచి వచ్చిన పటాలు తోడయ్యాయి. సంఘం ఎత్తబడటం, ఏడేండ్ల శ్రమలు, వెయ్యేండ్ల పాలన అంటూ గీతలు గీసి కాలాన్ని గళ్ళుగా విడగొట్టిన బోధకు 19వ శతాబ్దంలో బ్రదరన్ ఉద్యమంలోని జాన్ నెల్సన్ డార్బీ రూపమిచ్చాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ దాన్ని ఇంటింటికీ చేర్చింది. అదే బ్రదరన్ ఉద్యమంనుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లోనే తెలుగు తీరానికి వచ్చి నరసాపురం ప్రాంతంలో సేవ మొదలుపెట్టారు. ఆ బోధ మనకు పరాయిదిగా తోచకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆ మిషనరీల త్యాగం పట్ల నాకు గౌరవముంది. కానీ ఆ పటాలు చేసిన నష్టం కూడా చెప్పాలి. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని విలియం మిల్లర్ అనుచరులు ఎదురుచూశారు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ ప్రకటించాడు. ఆ తేదీలు వచ్చాయి, వెళ్ళిపోయాయి, నమ్మినవాళ్ళ గుండెలు పగిలాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ పటాల్లో క్రూరమృగం ఎప్పుడూ పరాయివాడే. ఒకప్పుడు రష్యా, ఒకప్పుడు ఏదో కంప్యూటరు, మొన్న మొన్నటిదాకా టీకా. అది మన వీధిలో, మన జమాఖర్చుల్లో తిరుగుతుందని ఏ పటమూ చూపదు.

యోహాను మాత్రం ఆ గ్రంథాన్ని పత్మాసు ద్వీపంలో, చిన్న ఆసియాలోని ఏడు సంఘాలకు రాశాడు. చక్రవర్తి డొమీషియన్ చివరి రోజుల్లో, అంటే దాదాపు క్రీ.శ. 95 ప్రాంతంలో రాశాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కడివాళ్ళకు మృగమెవరో గుచ్చిగుచ్చి చెప్పాల్సిన పని లేదు. నీరో కైసరు పేరును హీబ్రూ అక్షరాల్లో రాసి వాటి విలువలు కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉండటం కూడా ఆ పేరుతోనే సరిపోతుంది, లాటిన్ పలుకుబడిలో ఒక అక్షరం తగ్గుతుంది కాబట్టి. చక్రవర్తికి ధూపం వేస్తేనే బజారులో బతుకు సాఫీగా సాగే రోజులవి. మృగపు ముద్ర లేనిదే కొనడానికి, అమ్మడానికి వీల్లేదన్న మాట వాళ్ళకు జోస్యంలా కాదు, ఇంటి కష్టంలా వినబడి ఉంటుంది.

ఇంకో సంగతి గమనించండి. మృగం రావడం పదమూడో అధ్యాయంలో. అంతకుముందు, గ్రంథం మొదట్లోనే, ఏడు సంఘాలకు ఏడు ఉత్తరాలున్నాయి. రోముకు ఒక్కటీ లేదు. తప్పులెంచడం విశ్వాసుల ఇంట్లోనే మొదలైంది. ధనవంతులమని, తమకు ఏ కొదువా లేదని అనుకున్న లవొదికయ వాళ్ళను ప్రభువు ఎంత కఠినంగా మందలించాడో చదివితే, మా గేటెడ్ కమ్యూనిటీ పేరేదో అక్కడ రాసినట్టే ఉంటుంది నాకు. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్‌పూల్, పార్టీ హాల్లో ఆదివారం ఆరాధన. కొదువేమీ లేదు.

మరి కింద, బేస్‌మెంట్లో ఏముంది? మురుగు శుద్ధిచేసే ఎస్టీపీ ఉంది. బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంట్లకు అది తప్పనిసరి. నేను చూసిన ఒక చోట ఎస్టీపీ ఆపరేటరు కుర్రాడు శ్రీకాకుళం వైపు వాడు. తెలుగు మాట వినబడగానే ముఖం వికసించింది. లాగ్‌బుక్ తీసి చూపించాడు. అన్ని గళ్ళలోనూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే అంకెలు. ఏరేషన్ ట్యాంకు మీద బుడగల్లేవు, నీళ్ళు నల్లగా కదలకుండా ఉన్నాయి.

"బ్లోయరు నడవట్లేదేంటి తమ్ముడూ?"

"రాత్రులు ఆపెయ్యమన్నారు సార్. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందంట."

గాలి అందకపోతే ట్యాంకులోని బాక్టీరియా చచ్చిపోతుంది. మురుగు మురుగుగానే రాజకాలువలో పడుతుంది, అక్కణ్ణుంచి చెరువుకు. దీన్ని కావాలని చేసిన దుర్మార్గుడెవరూ లేడు. మెయింటెనెన్స్ పెంచొద్దన్నవాళ్ళున్నారు, సరేనన్న కమిటీ ఉంది, సంతకం పెట్టిన మేనేజరున్నాడు. యోహాను మృగానికి ఒక్క తల కాదు, ఏడు తలలు పెట్టాడు. ఏ తలను అడిగినా ఇంకో తలను చూపిస్తుంది. ఈ కాలపు చెడుతనం నాకు ఇలాగే కనబడుతోంది.

మహా బబులోను కూలినప్పుడు వర్తకులు ఏడుస్తారు, ఇక తమ సరుకు కొనేవాడెవడూ లేడని. ఆ సరుకుల పట్టిక పద్దెనిమిదో అధ్యాయంలో పొడుగ్గా ఉంటుంది. బంగారంతో మొదలై ముత్యాలు, పట్టు, దంతం, దాల్చినచెక్క, ద్రాక్షారసం, గోధుమలు, పశువులు, రథాలు అంటూ సాగి చిట్టచివర మనుషుల శరీరాలు, ప్రాణాలు అన్నచోట ఆగుతుంది. ఆ వరుస చదివిన ప్రతిసారీ నాకు 2018 జనవరి గుర్తొస్తుంది. చెరువు మండిన ఆ నెలలోనే, ఇక్కడికి కూతవేటు దూరంలోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దగ్గర ఒక అపార్ట్‌మెంటు ఎస్టీపీలోకి దిగిన ముగ్గురు చనిపోయారు. అంతకుముందు ఏడాది మార్చిలో కగ్గదాసపురలో మ్యాన్‌హోల్‌లో ముగ్గురు పోయారు. పాకీపనిని, ఇలా రక్షణ లేకుండా మనుషుల్ని మురుగులోకి దింపడాన్ని నిషేధించే చట్టం 2013 నుంచీ ఉంది. మంట పెద్దది కాబట్టి అందరికీ కనబడింది. ఈ చావులు బబులోను పట్టికలో ఆఖరి సరుకులా చివర్న, చిన్న అక్షరాల్లో వచ్చాయి.

ముద్ర విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆధార్ కార్డే మృగపు ముద్ర అని బోధించినవాళ్ళను నేను విన్నాను. 2020 జనవరిలో ఇదే బెళ్ళందూరులో కరియమ్మన అగ్రహారలో బంగ్లాదేశీయులున్నారన్న అనుమానంతో వలస కూలీల గుడిసెలు కూల్చేశారు. వాళ్ళలో చాలామంది ఉత్తర కర్ణాటక, అస్సాం, త్రిపుర, బెంగాల్ నుంచి వచ్చిన మన దేశస్థులే. ఆధార్, ఓటరు కార్డులు చేతుల్లో పట్టుకుని చూపించారు. కర్ణాటక హైకోర్టు తర్వాత పోలీసుల తీరును తప్పుపట్టింది. మన వంటిళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు, మన గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళు అలాంటి గుడిసెల్లోనే ఉంటారు. ఎవరు నిలబడొచ్చు, ఎవరు నిలబడకూడదు అని ఒక చూపుతో తేల్చేసే ఆ అధికారమే నా దృష్టిలో ముద్ర. కార్డు నంబరులో దాన్ని వెతుక్కుంటూ కూర్చున్నవాళ్ళకు పక్కవీధిలో బుల్డోజరు చప్పుడు వినబడలేదు.

మరి జయించడం ఎలా? గ్రంథంలో నాకు ప్రాణంలాంటి చోటు అయిదో అధ్యాయం. యూదా గోత్రపు సింహం జయించిందని పెద్ద ఒకడు చెబుతాడు. యోహాను తలెత్తి చూస్తే సింహం కనబడదు, వధింపబడినట్టున్న గొర్రెపిల్ల నిలబడి ఉంటుంది. మిగతా గ్రంథమంతా ఆ చూపు మీదే ఆధారపడి ఉంది. మృగాన్ని మృగంగా మారి గెలవడం కుదరదు. విశ్వాసులు ఘటసర్పాన్ని జయించింది గొర్రెపిల్ల రక్తంవల్ల, తాము ఇచ్చిన సాక్ష్యంవల్ల, ప్రాణం మీద తీపి వదులుకోవడంవల్ల అని పన్నెండో అధ్యాయం చెబుతుంది. సాక్ష్యమంటే మన కూటాల్లో ఎక్కువగా, ప్రభువు నాకు వీసా ఇచ్చాడు, ఫ్లాట్ ఇచ్చాడు అనే. కృతజ్ఞత మంచిదే. కానీ పత్మాసు ఖైదీ ఎరిగిన సాక్ష్యం అది కాదు. అబద్ధం మీద అందరూ సుఖంగా కూర్చున్నచోట లేచి నిజం చెప్పడం, దాని ఖరీదు తానే భరించడం. వర్ణవివక్ష రోజుల్లో దక్షిణాఫ్రికా పాస్టరు అలన్ బూసాక్ ఈ గ్రంథం మీద ఒక పుస్తకమే రాశాడు. అది 1987లో వచ్చింది. వాళ్ళ మృగానికి యూనిఫారమూ, నల్లవాళ్ళ రాకపోకలను కట్టడిచేసే పాస్‌బుక్కూ రెండూ ఉండేవి.

అలాంటి సాక్షి కోసం అంత దూరం పోనక్కర్లేదు. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పాకీపని చేసిన కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఉన్నారు. చుట్టూ అందరూ లేదని బుకాయించిన పనిని ఉందని చెప్పడంతోనే ఆయన పోరాటం మొదలైంది. మరుగుదొడ్ల ఫోటోలు తీశారు, లెక్కలు కట్టారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన పిటిషన్ మీద 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగులో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. ఆయనను నేను ఏ సంఘం వైపూ లాక్కోవడం లేదు. జయించడమంటే నా కళ్ళకు ఎలా కనబడుతుందో చెబుతున్నానంతే.

ఈ చెరువు విషయంలోనూ అలాగే జరిగింది. పౌరులు ఫోటోలు తీశారు, అర్జీలు పెట్టారు, శాస్త్రవేత్తలు నివేదికలిచ్చారు. 2017లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. 2018 డిసెంబరులో రాష్ట్రానికి 50 కోట్లు, నగరపాలక సంస్థ బీబీఎంపీకి 25 కోట్లు జరిమానా వేసింది. తర్వాత నీళ్ళు మళ్ళించి బురద తీయడం మొదలైంది. పని నత్తనడకన సాగింది, ఇంకా చేయాల్సింది చాలా ఉంది. అయినా 2018లోలాంటి మంట మళ్ళీ చూడలేదు. భూమిని నాశనం చేసేవాళ్ళను నశింపజేసే కాలం ఒకటుందని పదకొండో అధ్యాయంలో ఉంది. ఆ మాటను మా పాస్టరుగారు ఎప్పుడైనా వాక్యంగా తీసుకుంటారని ఎదురుచూస్తున్నాను. అడిగాను కూడా.

బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ తెలుగు విశ్వాసులారా, మీ అసోసియేషన్ వచ్చే జనరల్ బాడీ మీటింగుకు వెళ్ళండి. ఎస్టీపీ బ్లోయరు రాత్రిపూట నడుస్తోందా, ట్యాంకు శుభ్రానికి మనుషుల్ని దింపుతున్నారా, నీళ్ళ పరీక్ష ఫలితాలు నోటీసుబోర్డు మీద పెడతారా, ఈ మూడూ అడగండి. మెయింటెనెన్స్ పెరుగుతుందంటే నా వాటా నేనిస్తానని ముందు మీరే చెయ్యెత్తండి.