తూకమా, విలువా?



వెలిమెల, పటాన్‌చెరు వైపు పాత ఇనుము కొట్టుకు పాతకాలపు కారు స్పోకుల చక్రం వచ్చిందనుకోండి. తూకం వేసేవానికి అది కిలోల ఇనుమే. తెలిసినవాడు మాత్రం ముందు స్పోకులు లెక్కిస్తాడు. డన్‌లప్ చక్రాలలో 48, 60, 72 స్పోకుల రకాలున్నాయి. ఒక్కొక్కటీ తట్టి వింటాడు. బిగువున్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. నడుమ ఒకే మరతో బిగించే రకమైతే లోపలి పళ్లు తడుముతాడు. అవి అరిగి మొనదేలితే పైమెరుగుకు విలువ లేదు. తుప్పుపట్టిన స్పోకులనైతే మార్చుకోవచ్చు.

యిషాయి పెద్దకొడుకు రూపం చూచి సమూవేలు ప్రవక్తే పొరబడబోయాడు. దేవుడు హృదయం చూచి దావీదును ఎన్నుకొన్నాడు. మరి ఫ్యాక్టరీలో పని పోయి ఇంట కూర్చున్న తండ్రిని మనం దేనితో కొలుస్తున్నాం, జీతంతోనా? ఈ ఆదివారం పూజ ముగిశాక ఆయన పక్కన కూర్చోండి. పలకరించి, వినండి.