భీష్ముడికి నీళ్లు, కాటన్ దొరకి నీళ్లు

భీష్మాష్టమి నాడు రాజమండ్రి రేవుల్లో మా పౌరోహితులకి ఊపిరి సలపదు. తాతముత్తాతలకి నీళ్లు వదిలినవాళ్లు ఆ చేత్తోనే భీష్ముడికీ వదులుతారు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి కాబట్టి ఆయనకి లోకమంతా కొడుకులే. గోత్రం కూడా వెతుక్కోనక్కర్లేదు, వైయాఘ్రపద గోత్రమని మంత్రంలోనే ఉంది. ఓ ఏడు కోనసీమ రైతొకాయన భీష్మ తర్పణం అయ్యాక కూడా చెయ్యి దించలేదు. "పంతులుగారూ, కాటన్ దొరగారికి కూడా వదిలేద్దామండి. ఆయన గోత్రం ఏంటండీ?" అన్నాడు.

గోత్రం తెలియనివాళ్లకి కాశ్యపం చెప్పుకోవడం ఆనవాయితీ. పేరు చివర శర్మ అనాలా వర్మ అనాలా అని ఒక్క క్షణం తడబడి, రెండూ మానేసి "కాటన్ నామధేయం తర్పయామి" అనిపించేశాను. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి నువ్వులతో నీళ్లు జారాయి. నిష్ఠగల క్రైస్తవుడైన కాటన్‌కి అవి అందుతాయా అని నన్నడగొద్దు. తర్పణం వల్ల తీరేది వదిలినవాడి రుణం. పుచ్చుకున్నవాడి సంగతి శాస్త్రం చూసుకుంటుంది.

పక్క మెట్టు మీద ఒత్తులు వెలిగిస్తున్న మా ఇంజినీరుగారు (రిటైరయ్యారు, కాలువల మీదే ఉద్యోగం చేశారు) ఊరుకోలేదు. "దొరకి నీళ్లు వదులుతారు. ఆ దొర సర్కారుకి పన్ను కట్టనన్నవాళ్లకి దండలేస్తారు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాళ్లు మీకు మహానుభావులెలా అయ్యారండీ?"

ఇది నవ్వేసి వదిలే ప్రశ్న కాదు. బోస్టన్ వాళ్లకి ఈ చిక్కు లేదు. 1773లో వాళ్లు సముద్రంలో పడేసిన టీ పెట్టెలు మన సర్కారు జిల్లాలని అప్పటికే చేతిలో పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీవే. అడక్కుండా పన్నేశారని వాళ్ల కోపం. కానీ కంపెనీ వాళ్లకేమీ ఆనకట్ట కట్టిపెట్టలేదు. మనకి కట్టింది. కరువులకీ ఉప్పెనలకీ కుదేలైన ఈ డెల్టాకి 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో కాటన్ లేపిన ఆనకట్ట గోడే అన్నం పెట్టింది. ఊరూరా గుర్రం మీద కాటన్ బొమ్మ ఊరికే వెలవలేదు.

అయితే ఆ గోడకి డబ్బెందుకిచ్చారో కూడా చూడాలి. రాజమండ్రి జిల్లా శిస్తు పడిపోతోందని కంపెనీ బెంగ. ఇంత ఖర్చు పెడితే ఇంత రాబడి వస్తుందని లెక్క చూపితే గాని మంజూరు కాలేదు. ఆకలి చూసి కదిలిన మనిషి కాటన్, రాబడి చూసి కదిలింది కంపెనీ. ప్రతిఫలం చూసుకుని ఇచ్చేది రాజస దానమని గీత. పైగా ఇక్కడ ప్రతిఫలం ఏటేటా వసూలైంది. 1865లో నీటి తీరువాకి చట్టమొచ్చింది. 1920ల చివర రీసెటిల్‌మెంటు పేరుతో డెల్టా భూముల శిస్తు నూటికి 18.75 పెంచారు. అప్పటి రైతు భాషలో రూపాయికి మూడణాలు. దానికి శాసనసభ ఒప్పుకోలు అక్కర్లేదు, సర్కారు ఉత్తర్వు చాలు. వెనకే ధాన్యం ధర పడిపోయింది. గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు సభలు పెట్టి ఆ పెంపు కట్టబోమన్నారు. కాబట్టి రుణం ఉన్నది కాటన్‌కి, అది నీళ్లతో తీరుతుంది. కంపెనీకీ, దాని తర్వాత వచ్చిన దొరతనానికీ పెట్టుబడి వడ్డీతో ముట్టింది.

ఇంతవరకూ చెప్తే ఇంజినీరుగారు ఒప్పుకోలేదు. "లెక్కలు సరేనండీ, తిన్న తిండి మాటేమిటి?" అన్నారు. నాకు మళ్లీ భీష్ముడే దిక్కయ్యాడు. యుద్ధానికి ముందు ధర్మరాజు వచ్చి కాళ్లకి మొక్కితే ఆ ముసలాయన సిగ్గుపడుతూ చెప్పుకున్నాడు: కౌరవుల సొమ్ము నన్ను కట్టేసింది, అందుకే నీ ధర్మం తెలిసీ నీ పక్కకి రాలేను అని. తిన్న ఇంటి కోసం అధర్మం వైపు నిలబడ్డ పెద్దమనిషికి ఆయన్ని మించిన ఉదాహరణ లేదు. ఆయనే అంపశయ్య మీద, ఇక ఎవరి కూడూ తినక్కర్లేనప్పుడు, నాలుక విప్పాడు. పన్ను కాపాడినందుకిచ్చే కూలి అన్నాడు. కాపాడతానని చెప్పి కాపాడని రాజుని జనమంతా ఒక్కటై పిచ్చికుక్కని చంపినట్టు చంపాలనీ అన్నాడు. అనుశాసన పర్వంలో ఉంది, పురాణం చెప్పేవాళ్లు సాధారణంగా దాటేస్తారు. మనం ఆయనకి ఏటా నీళ్లు వదులుతాం. అంతమాత్రాన దుర్యోధనుడి పక్షాన నిలబడమని ఏ పెద్దా తన కొడుక్కి చెప్పడు. కాటన్‌కీ అంతే.

ఆ పిచ్చికుక్క మాట మన్యంలో జరిగినంత పనైంది. ఆనకట్ట నీళ్లు చుక్క పారని రంపలో, జీలుగు కల్లు ఇంటికోసం గీసుకున్నా నేరమని, గీత హక్కు గుత్తేదార్ల పాలు చేశారు. అక్కడి జమీందారు లాంటి మునసబుదారు కల్లు మీద వేసిన చిగురుపన్ను దానికి అదనం. ఆ కొండల్లో కల్లు దేవుడి ముందు పెట్టే నైవేద్యం కూడా. 1879లో తిరగబడ్డారు. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీసుస్టేషను తగలబెట్టాడు. 1922లో అదే అడ్డతీగలకి అల్లూరి సీతారామరాజు వచ్చాడు. వాళ్లని ఉప్పు తిన్న ఇంటి పేరుతో నిలదీయడానికి ఎవడికీ నోరు రాదు, సర్కారు వాళ్లకేం పెట్టిందని?

మైదానం వాళ్లది వేరే దారి. కాకినాడ బులుసు సాంబమూర్తి గారు వేదం చదువుకున్న ఇంటి మనిషి, పేరున్న వకీలు. ఆయన ముందు కోర్టు మానేశారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల ముందు కొడుకు పోయినా ఆ పనులు మానలేదు. 1930 ఏప్రిల్‌లో ఉప్పు చట్టం ధిక్కరించడానికి చొల్లంగి వెళ్లారు. పుష్య అమావాస్యకి సప్తసాగర యాత్ర మొదలుపెట్టి మనం మునిగే చొల్లంగే. గాంధీగారి సహాయ నిరాకరణలో వరస కూడా అదే: బిరుదులు, కోర్టులు, బడులు ముందు, పన్నులు చివర. ముందు విస్తరి ముందు నుంచి లేవాలి, తర్వాత కాదనాలి. భీష్ముడు చేతగాక వదిలేసింది ఈ లేవడమే.

నాకు శిస్తు పోరాటం కన్నా ఉప్పు పోరాటం ఒక మెట్టు పైన కనిపిస్తుంది. మూడణాల పెంపు పట్టా ఉన్నవాడి బాధ. అతని పాలేరుకి సెంటు భూమి లేదు, సభలో మాట్లాడే వంతూ లేదు. ఉప్పు పన్ను మాత్రం ఆ పాలేరు గంజిలో కూడా పడింది.

ఇంజినీరుగారు చివరికి పట్టుకున్న కొస గట్టిదే. "వకీలు కోర్టు మానేస్తాడు. రైతు కాలువ ఎలా మానేస్తాడండీ?" దీనికి నా దగ్గర శాస్త్రం లేదు, 2011 ఖరీఫ్ ఉంది. ధర గిట్టక, కూలి ఖర్చు మీద పడి, మురుగు కాలువల్లో పూడిక తియ్యక విసిగి కోనసీమ రైతులు పంట విరామం అన్నారు. కాలువలో నీళ్లు పారుతుండగానే నాట్లు వెయ్యకుండా వేల ఎకరాలు వదిలేశారు. దొరలు పోయి అరవై ఏళ్లు దాటాక, మనం ఓట్లేసుకున్న సర్కారు మీద. రేవులో గోత్రం అడిగిన రైతు కూడా ఆ ఏడు చేను బీడు పెట్టాడట. నాట్ల కూలి లేక ఆ సీజన్లో వలస పోయిన ఆడవాళ్ల మాట ఎత్తితే మాత్రం, "అదే కదండీ పాపం" అని ఊరుకున్నాడు.