బురదలో నిలిచినవాని కాయకము

కనుమనాడు కౌశికను దాటుచున్న ప్రభను చూచువారి దృష్టి పైననే నిలుచును. వెదురుబద్దల కూర్పు, దానిని కప్పిన రంగురంగుల వస్త్రములు, గంటల మ్రోత, నడుమ కొలువైన రుద్రుడు. నీటిలో మునిగి, కాలివ్రేళ్లతో అడుగునేలను వెదకికొనుచు దానిని మోయువాని ముఖమును చూచువారరుదు. అతని ప్రక్కనే నడచుచు, అతడు తూలినచో తన భుజము నందించుటకై సిద్ధముగానున్న మరియొకనిని చూచువారు ఇంకను అరుదు. ఈ రెండవ మనుష్యుని గూర్చి కొంత విచారింపవలసియున్నది.

కోనసీమలో, అంబాజీపేట మండలమందలి మొసలపల్లి గ్రామమున జగ్గన్నతోట కలదు. ఏటేట కనుమనాడు అచ్చట ఏకాదశ రుద్రుల ప్రభలతీర్థము జరుగును. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి గ్రామములనుండి పదునొకండు ప్రభలు వచ్చి కూడును. వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోటలో అడుగిడగానే తక్కిన ప్రభలను ఒకపరి పైకెత్తి గౌరవించుట ఆచారము. 2023వ సంవత్సరపు గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ వీధులలో ఆంధ్రప్రదేశ్ శకటముగా నడచినది ఈ ప్రభలతీర్థమే. తోటలో గుడి లేదు. గుడులను విడిచి రుద్రులే నడచివత్తురు. స్థావరముకంటె జంగమమునకు పెద్దపీట వేసిన బసవన్న మార్గమున నడచువారికి ఈ సంగతి మనసునకు హత్తుకొనునదే. కాని నడచివచ్చునది రుద్రుడనినను, నడచు కాళ్లు మనుష్యులవి.

ఆ కాళ్లు ఎట్టి నేలపై నడచుచున్నవో తెలిసికొననిదే విషయము బోధపడదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత గోదావరి కాలువల నీటితో ఈ లంకసీమలో రెండవ పంట స్థిరపడినది. సంక్రాంతి నాటికి దాళ్వా చేలు దమ్ముచేయబడియో, అప్పుడప్పుడే నాట్లు పడియో యుండును. ఒండ్రుమట్టి, నిలువనీరు, క్రొత్తనారు. అడుగు వేసినచో పిక్కవరకు దిగును. తీసినచో మట్టి కాలిని విడువదు. ప్రభలు గట్ల వెంబడి చుట్టుదారి పట్టక ఈ చేల నడుమనే పోవును. నారు తొక్కబడినదని రైతు చింతింపడు, రుద్రుడు తన చేనిలో అడుగిడినాడని సంతసించును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము ప్రభలు అటుపిమ్మట కౌశికను గూడ దాటవలెను. ఎత్తైన ప్రభకు గాలి పట్టును. ఒక్కని కాలు జారినచో బరువంతయు ఒక ప్రక్కకు ఒరగును. కనుక మోయువారెందరో, భుజము మార్చుకొనుటకును, ఒరుగును ఆపుటకును, ముందు నేల చూచి హెచ్చరించుటకును నడచువారు అందరు కావలయును. ప్రభ నేల దిగకుండ భుజములు మారుచుండును. ఎవరు ఎంతదూరము మోసినదియు లెక్కకు రాదు. ఊరిపేర మాత్రము ప్రభ తోట చేరును.

సుదూరమున, బెల్జియము మున్నగు ఐరోపా దేశములలో, ఇదే చలికాలమున సైక్లోక్రాస్ అను సైకిలు పందెము జరుగును. పొలములలో, బురదలో, మెట్లపై సైకిలును భుజమునకెత్తుకొని పరుగిడుచు సాగు పందెమిది. 1950లో పారిస్‌లో జరిగిన ప్రథమ ప్రపంచ పోటీలో ఫ్రాన్సు దేశీయుడు జాన్ రోబిక్ గెలుపొందెను. పందెపు దారి ఒక చుట్టు రమారమి మూడు కిలోమీటర్లుండును. బురద హెచ్చైనచో సైకిలు చక్రములు, గొలుసు మట్టితో బిగిసికొనిపోవును. అప్పుడు పందెగాడు నియమిత స్థలమున ఆ సైకిలును విడిచి, తనవారు సిద్ధముగా పట్టుకొనియున్న శుభ్రమైన రెండవ సైకిలు నెక్కిపోవును. విడిచిన సైకిలును ఆ సహాయకులు నీటిధారతో కడిగి, గొలుసునకు నూనె పూసి, అతడు తిరిగి వచ్చునప్పటికి సిద్ధపరుపవలెను. వారికి చిక్కు వ్యవధి సగము చుట్టు, అనగా మూడు నాలుగు నిమిషములు. గంటసేపు చలినీటిలో వారి చేతులు కొంకర్లుపోవుచుండును. చిన్న పందెములలో ఆ సహాయకులు తరచుగా తండ్రియో, అన్నయో, మిత్రుడో అయియుందురు. గెలుపు పట్టికలో మాత్రము పందెగాని పేరొక్కటే యుండును.

ఆ గెలుపులో కడిగినవాని పాలెంత? ప్రభ తోట చేరిన పుణ్యములో ప్రక్కన నడచినవాని పాలెంత? పందెమునకు పోవుట, ప్రభ మోయుట కాయకములైనచో, బురద కడుగుట కాయకము కాదా?

చివరి ప్రశ్నకు శరణుల చరిత్రలో సమాధానము వెదకనక్కరలేకయే దొరకును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన మడివాలు మాచయ్య చేసిన పని యేమి? శివభక్తుల వస్త్రముల మైల కడుగుట. ఆ మూటను అన్యులెవ్వరును తాకరాదని ఆయన నియమము. చేతిలోని పని కారణముగా మాచయ్య తల వంచినవాడు కాడు. దాతనను గర్వము బసవన్న మనసున పొడసూపినప్పుడు ఆయననే మందలించెనని చెప్పుదురు. మంత్రిపదవిలోనున్న భక్తుని, మైల కడుగు భక్తుడు మందలించుట, ఆ మందలింపును మంత్రి తలయొగ్గి స్వీకరించుట, నేటి కార్యాలయములలో గాని, మఠములలో గాని ఎంత సులభమో పాఠకులే యోచింపవచ్చును.

అయినను ఇచ్చట ఒక చిక్కు కలదు. కాయకము చేయువాడు ఫలము నెంచరాదనుట సర్వులు అంగీకరించునదే. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు లక్కమ్మ దానిని తిరిగి అక్కడనే పోసిరమ్మనెను. అంతటి నిరాశ కాయకమునకు ప్రాణము. కాని ఈ మాట ఎవరి నోట వచ్చుచున్నదో చూడవలెను. లక్కమ్మ తన ఇంటి బియ్యమును గూర్చి చెప్పినది, పరుల కూలిని గూర్చి కాదు. పందెగాడు తన సైకిలు కడిగిన తమ్మునితో, నీవు ఫలము కోరరాదు సుమా, అనినచో అది వేదాంతము కాదు, లోభము. సేవను మరచుట చేసినవానికి శోభ, పొందినవానికి దోషము. ఈ రెండింటిని ఒకటిగా కలిపివేయుటవలననే ఉత్సవకాలమున విరాళమిచ్చినవారి పేర్లు పాలరాతిపై చెక్కబడుచున్నవి. దాసోహమున తెల్లవారుజాము మూడుగంటలకు లేచి గుండిగలు తోమినవారి పేర్లు వంటశాల గోడపై బొగ్గుతోనైనను వ్రాయబడుటలేదు. రాతిపై పేరు వలదని తోమినవారు అనవచ్చును. అనవలసినవారు వారే, కార్యనిర్వాహకులు కారు.

తప్పు జరిగినప్పుడు ఈ అన్యాయము మరింత స్పష్టముగా కానవచ్చును. కడిగిన సైకిలు గొలుసు సరిగా పడక పందెగాడు వెనుకబడినచో, ఎవడు కడిగినాడని వెంటనే విచారణ సాగును. ప్రభ ఒరిగినచో, ఎవని కాలు జారినదని ఊరంతయు అడుగును. గెలుపునకు పేరులేని చేతులకు ఓటమినాడు మాత్రము పేరు పుట్టును. నిందను పంచునప్పుడు గుర్తుండు మనుష్యుడు మెప్పును పంచునప్పుడు మరపునకు వచ్చుట జ్ఞాపకశక్తి లోపము కాజాలదు.

ఇంకొకటి. బురద కడుగుట గొప్ప కాయకమని కొనియాడుచు, ఆ పనిని తరతరములుగా ఒక ఇంటి బిడ్డలకే విడిచిపెట్టినచో ఆ కొనియాడుటకు విలువలేదు. పుట్టుకనుబట్టి వచ్చిన పని కాయకము కాదు, వెట్టి. మాచయ్య గొప్పతనము ఆయన కులమున లేదు, పనిలోనున్నది. మఠములందు విద్యావంతుడైన యువకుడు ఒకనాడు విస్తళ్లు ఎత్తి, ఆ నాడు విస్తళ్లు ఎత్తువాడు పంక్తిలో ముందుగా కూర్చుండి భోజనము చేసినచో, కాయకమును గూర్చిన ఉపన్యాసములు కొన్ని తగ్గించుకొనినను నష్టముండదు. పందెపు బురదలో నిలుచు తండ్రి, తానెన్నుకొని నిలిచినాడు. మరునాడు కొడుకు అతని ముందు బురద బూట్లు తానే కడుగుకొనును. ఎన్నుకొను స్వేచ్ఛ, మారు అవకాశము, ఈ రెండును లేనిచోట సేవయను మాటను జాగ్రత్తగా పలుకవలెను.

కౌశికయొడ్డున ఒక విధముగా ఈ మార్పు నిత్యము జరుగుచునే యున్నది. మోయువాడు అలసినచో ప్రక్కవాడు మోయువాడగును. మోసినవాడు ప్రక్కకు తొలగి మరియొకని నడుమునకు చేయి ఆనించును. కొంతసేపటికి ఎవరు మోసినవారో, ఎవరు ఆసరాయిచ్చినవారో వేరుపరచుట అసాధ్యము. అందరి పంచెలును ఒకే రంగునకు వచ్చియుండును.

ప్రొద్దు వాలుచుండగా ప్రభలు తోట విడిచి తమ ఊళ్లకు మరలును. గంగలకుర్రువారికి మరల ఆ నీరే, ఆ బురదయే. ఒడ్డెక్కిన తరువాత యువకులు కాలువలో కాళ్లు కడుగుకొనుచు, వంగలేని పెద్దవాని కాళ్లపై దోసిళ్లతో నీళ్లు పోయుచుందురు.