చూడనిదానికి చేవ్రాలు

రాజమహేంద్రవరమునకు చేరువనున్న మధురపూడిలో విమానమెక్కువారు నేడు పెక్కుమంది. ధాన్యపు వర్తకుడును, కొడుకును చూడబోవు తల్లియు, ఉద్యోగమునకు పోవు పడుచువాడును ఒకే మెట్లెక్కి లోన కూర్చుండెదరు. వారిలో నొక్కరును ఇంజను విప్పి చూచినవారు కారు. రెక్కల బిగింపు పరీక్షించినవారు కారు. అయినను తమ ప్రాణములను ఆ లోహపు పెట్టెకు అప్పగించుచున్నారు. ఈ విశ్వాసమునకు ఆధారమేమి? ఇదియు నొక మూఢవిశ్వాసమేనా? అని మేము విచారింపదలచితిమి.

మన తార్కికులు ప్రత్యక్షానుమానములకు తోడుగా ఆప్తవాక్యమును సయితము ప్రమాణముగా గ్రహించిరి. ఆప్తుడనగా చుట్టము కాడు. వస్తువును ఉన్నదున్నట్లెరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడు. విమానప్రయాణికునికి ప్రత్యక్షము లేదు. నిన్న క్షేమముగా దిగినది గనుక నేడును దిగుననుట దుర్బలమైన అనుమానము. ఏలయన లోహము నిన్నటికంటె ఒకనాడు పాతబడినది. కావున వానికి మిగిలినది ఆప్తవాక్యమొక్కటియే. ఆ వాక్యము ఎవరో యొక ఇంజనీరు చేసిన చేవ్రాలు.

ఆ చేవ్రాలి వెనుక గొప్ప యేర్పాటు కలదు. మన దేశమున 1934 నాటి విమానచట్టమును, 1937 నాటి నిబంధనలును దానికి పునాది వేసినవి. 2025 జనవరి 1 నుండి ఆ చట్టమునకు మారుగా భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. విమానము ఎగురుటకు తగినదని ప్రభుత్వము యోగ్యతాపత్రమిచ్చును. ఆ యోగ్యత నిలిచియున్నదా లేదా యని ఏటేట సమీక్షింతురు. అంతటితో తీరదు. మరమ్మతు జరిగిన ప్రతిసారియు, పని నియమానుసారముగా జరిగినదనియు విమానమును విడువవచ్చుననియు, అనుజ్ఞ పొందినవాడు వ్రాసి చేవ్రాలు చేయవలెను. ఏ భాగము ఎన్ని గంటలు పనిచేసినది, దేనిని ఎప్పుడు మార్చవలెను అను లెక్కయంతయు పుస్తకముల కెక్కును.

ఇంత కట్టుదిట్టముండగా ఇందు నీతిప్రసక్తి యేల యని కొందరడుగవచ్చును. చట్టము చేవ్రాలును కోరగలదు. చేవ్రాలు చేయు కన్నును తెరిపింపలేదు. ఇందుకొక నిదర్శనము చూపెదము.

1990 జూన్ 10వ తేదీని బర్మింగ్‌హాము నుండి స్పెయిను దేశమునకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము 17,300 అడుగుల యెత్తున నుండగా చోదకుని ముందరి యద్దము ఊడిపోయినది. ఆయన దేహము సగము వెలుపలికి లాగబడెను. తోటివారు కాళ్లు పట్టుకొని యుండగా ఉపచోదకుడు విమానమును సౌతాంప్టనులో దింపెను, అందరును బ్రతికిరి. ఆ యద్దమును 27 గంటలకు ముందు క్రొత్తగా బిగించిరి. 90 బోల్టులలో 84 ఉండవలసిన లావు లేనివి. తేడా మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు మాత్రమే! బిగించినవాడు దుర్మార్గుడు కాడు, అనుభవము గలవాడు. ఆ రాత్రి పనివారు చాలకుండుటచే, పనికి అధికారియైనవాడే స్వయముగా పూనుకొనెను. పాత బోల్టును చేత పట్టుకొని కంటికి సరిపోయినవానిని ఏరుకొనెను గాని, భాగముల పట్టికలోని సంఖ్యతో సరిచూడలేదు. బిగించినవాడును అతడే, సరిగానున్నదని చేవ్రాలు చేసినవాడును అతడే.

అతడు అబద్ధమాడెనా? ఆడలేదు; తాను వ్రాసినది నిజమనియే నమ్మెను. అయినను అతని వాక్యము ఆప్తవాక్యము కాలేదు. అబద్ధమాడకుండుట వేరు, ఆప్తుడగుట వేరు. మొదటిదానికి మంచి మనసు చాలును. రెండవదానికి చూచిన కన్ను కావలెను. సత్యమనగా కల్లలాడకుండుటయే యని బాలురకు బోధించు మనము ఈ రెండవ సగమును మరచుచున్నాము. మరియు నేరమంతయు ఆ యొక్కని నెత్తిన రుద్దుట న్యాయము కాదు. చాలినంతమంది పనివారిని, చాలినంత వెలుతురును, రెండవ పరీక్షకుని ఇయ్యక చేవ్రాలు మాత్రము కోరు యాజమాన్యము ఆ దోషమున సమభాగస్వామి. తొందరపెట్టి సాక్ష్యము చెప్పించువాడు సాక్షికంటె నిర్దోషి కాజాలడు.

ప్రయాణికుల మాట యేమి? 1988 ఏప్రిల్ 28వ తేదీని హవాయి దీవులలో, పందొమ్మిదేండ్ల వయస్సు గలిగి దాదాపు 90,000 మారులు ఎగిరిన అలోహా సంస్థవారి విమానమునకు ఆకాశముననే పైకప్పు తెగిపోయి, ఒక పరిచారిక మరణించెను. ఎక్కునపుడే ఒక ప్రయాణికురాలు ఆ రేకులో బీట చూచెను, ఎవ్వరితోను చెప్పలేదు. మనమైనను ఏమి చేసియుందుము? చూడవలసినవారు చూచియే యుందురని సమాధానపడి, మన చోటు వెదకుకొని కూర్చుందుము.

గోదావరి గట్టుక్రింద బ్రతుకు మనకు ఈ పాఠము క్రొత్తది కారాదు. 1986 ఆగస్టు వరదకు గట్లు తెగి యెన్ని ఊళ్లు మునిగెనో పెద్దలెరుగుదురు. గండి ఒక్కొకప్పుడు ఎలుకబొరియలోనుండి వచ్చు ఊటతో మొదలగును. గట్టు కాచువాడు నడచి చూడకయే క్షేమమని వ్రాసినచో ఆ వ్రాత ఊరిని నిద్రపుచ్చును. ఏమియు వ్రాయకున్న ఊరు మేలుకొనియైన నుండును. అట్లే ఊట చూచియు కేకవేయని బాటసారి నిరపరాధి కాడు.

కావున విమానము గంట యాలస్యమైనదన్నప్పుడు మనము విసుగుకొనుటకు ముందు ఒకమాట తలపవలెను. ఎవడో యొకడు "నేనింకను చూడలేదు, చేవ్రాలు చేయను" అని యుండవచ్చును. వానికి యజమాని చీవాట్లును, మన శాపనార్థములును దక్కినచో, రేపు వాడు చూడకయే వ్రాయుట నేర్చుకొనును. ఆ నేర్పునకు గురువులము మనమే.

ఈ నేర్పు మన యిండ్లలోను లేకపోలేదు. అసలు పత్రమును చూడకయే నకలు నిజమని ధ్రువపరచు ఉద్యోగియు, బాలుని నడత నెరుగకయే సత్ప్రవర్తనపత్రమిచ్చు ఉపాధ్యాయుడును, మార్కులు చదువకయే చేవ్రాలు చేయు తండ్రియు ఈ దేశమున అరుదు కారు. వీనివలన ప్రాణములు పోవు గదా యందురేమో. కాని రేపు విమానము క్రింద దీపము పట్టుకొని నిలుచువాడు ఈ యిండ్లలో పెరిగి, ఈ బడులలో చదివినవాడే. పిల్లవానికి పేరు వ్రాయుట నేర్పిన దినముననే, చూడనిదాని క్రింద ఆ పేరు వ్రాయరాదని కూడ నేర్పుదము.