శాసనం చెప్పని పేరు

చారిత్రక నవల వ్రాయడంలో రచయితకు ఆనందమేమిటి? రాజవైభవం మీద మోజేనంటారు కొందరు. కొన్ని నవలల విషయంలో నిజమే. కాని 1244 నాటి మోటుపల్లి అభయశాసనం చూడండి. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారట; తాను సుంకం మాత్రమే తీసుకొంటానని గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు. శ్రీగంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగుదంతం—దేనికెంత సుంకమో అందులో వుంది. వాటిని రేవులో మోసినవాడి పేరు లేదు. ఆ పేరు లేనివాడికి పేరుపెట్టి, ఆకలీ ఆలుబిడ్డలనూ యిచ్చి, రేవులో నడిపించడంలోనే వుంది ఆ ఆనందం. అయితే చనిపోయినవాడు అభ్యంతరం చెప్పలేడు. వాడి నోట మన నినాదాలు పలికిస్తే (మనవాళ్ళూ చేస్తున్న పనే యిది) వాడిచేత మళ్ళీ మన బరువు మోయించినట్లే. సుంకం అంకె మార్చడానికి వెనుదీసే రచయిత వాడి మనస్సును మార్చడానికెందుకు వెనుదీయడు? వాడు గణపతిదేవునికి చేతులెత్తి మొక్కివుండవచ్చు. ఆ మొక్కును మొక్కుగానే వ్రాయాలి, మనకు నచ్చకపోయినా.